మాంసానికి మెంబరు చుట్టమే

మా వైపు ఊళ్లల్లో దసరాకి యాట కోస్తే కిలోల లెక్క ఉండదు, పోగుల లెక్కే. ఏడెనిమిది ఇళ్లవాళ్లు కలిసి ఒక యాటను మాట్లాడుకుంటారు. కోయడం అయ్యాక మోదుగాకుల మీద, ఈమధ్య అయితే ప్లాస్టిక్ పట్టా మీద, ఇంటికొకటి చొప్పున పోగులు వేస్తారు. ప్రతి పోగులోనూ కాస్త కండ, కొన్ని బొక్కలు, ఒక కార్జం ముక్క, కొంచెం కొవ్వు పడాలి. ఒకదాంట్లో బొక్కలు ఎక్కువైతే వెంటనే ఎవరో ఒకరు గొంతు సవరించుకుంటారు. కోసే మనిషి ఏమీ అనకుండా ఒక తునక తీసి పక్క పోగులో పడేస్తాడు. తగువు తీరిపోతుంది.

ఆ పొద్దంతా అక్కడ "మాంసం" అనే మాట దాదాపు వినపడదు. "పోగు తెచ్చినవా?", "ఇంకో ముక్క వెయ్", "కూర ఉడికిందా?" అంతే. ముక్క అంటే ఏ ముక్కైనా కావచ్చు. కొబ్బరి ముక్క, సుద్ద ముక్క, కాగితం ముక్క. కానీ "ముక్క లేనిదే ముద్ద దిగదు" అన్నప్పుడు ఎవరికీ కొబ్బరి గుర్తు రాదు. కోసి తీసిన భాగానికి ఉన్న పేరు మెల్లగా ఆ కోసిన వస్తువుకే పేరైపోయింది.

సరిగ్గా ఇదే పని రెండువేల ఏళ్లకు పైగా కిందట లాటిన్‌లో జరిగింది. ఇవాళ ఇంగ్లిష్‌లో వినపడే కార్నివాల్, కార్నివోర్, కార్నేజ్, ఇన్‌కార్నేషన్ లాంటి మాటలన్నీ దాని సంతానమే. ఇంగ్లిష్‌లో మాంసం చుట్టూ అల్లుకున్న మాటల్ని విడివిడిగా చూస్తే ఒకదానికొకటి పొంతన ఉండదు. ఒకటి పండగ, ఒకటి పువ్వు, ఒకటి ఊచకోత, ఒకటి రాతి శవపేటిక, ఇంకొకటి కిడ్నీ పరీక్ష. వాటిని నాలుగైదు ఇంటిపేర్ల కింద సర్దితే లెక్క తేలుతుంది. అందులో మూడు ఇంటిపేర్లకు మనం రోజూ పలికే మాటలతో నిజమైన చుట్టరికం ఉంది.

కంచు పలక మీద ఓటింగు

లాటిన్‌లో మాంసాన్ని "కారో" అనేవారు. విభక్తి చేరితే అది "కార్నిస్", "కార్నెమ్" అవుతుంది. ఇంగ్లిష్ మాటల్లో కనిపించే "కార్న్" అక్కడిదే. నిఘంటువు తెరిస్తే కారో అంటే మాంసం అనే ఉంటుంది. దాని పాత అర్థం మాత్రం ముక్క, వాటా. ఆ సంగతి పట్టిచ్చింది లాటిన్ కాదు, దాని పక్కింటి భాష.

ఇటలీలో ఉంబ్రియా అనే ప్రాంతం ఉంది. అక్కడి గుబ్బియో అనే ఊళ్లో ఏడు కంచు పలకలు భద్రంగా ఉన్నాయి. క్రీస్తుకు ముందు చివరి రెండు మూడు శతాబ్దాల్లో చెక్కినవి. వాటి మీదున్నది ఉంబ్రియన్ అనే భాష, లాటిన్‌కి తోబుట్టువు. అతియెదియ సోదరులు అనే పూజారుల సంఘం తమ బలులు, విందులు, జరిమానాల నియమాలను వాటి మీద రాయించుకుంది. అందులో ఒక నియమం నాకు బాగా ఇష్టం. సోదరులు భోజనం చేశాక సంఘం పెద్ద లేచి, ఏర్పాట్లు సరిగా జరిగాయా లేదా అని ఓటు తీసుకోవాలి. వచ్చినవాళ్లలో "మేస్త్రు కారు" సరిగానే జరిగాయంటే సరే. లేదంటే బాధ్యుడికి జరిమానా.

మేస్త్రు అంటే పెద్ద. కారు అంటే లాటిన్ కారో. లాటిన్ అర్థంతో చదివితే "సోదరుల్లో పెద్ద మాంసం" అని వస్తుంది. అది అర్థం లేని మాట. ఇక్కడ దాని అర్థం "ఎక్కువ భాగం", అంటే మెజారిటీ. ఉంబ్రియన్‌లో కారు ఇంకా ముక్కగానే, వాటాగానే ఉండిపోయింది. లాటిన్‌లో అదే మాట కసాయి దుకాణం దాకా వెళ్లింది.

ఇంకో తమాషా ఉంది. అదే నియమంలో "భోజనం చేశాక" అనడానికి వాడిన క్రియ కూడా ఇదే ధాతువు నుంచి పుట్టింది. ఇటాలియన్ రాత్రి భోజనాన్ని "చేనా" అంటాడు, స్పానిష్ వాడు "సేనా" అంటాడు. రెండూ ఆ మాటకు లాటిన్ తోబుట్టువైన "కేనా" వారసులే. మొదట్లో దానికి కూడా వాటా అనే అర్థం. విందుకు కూర్చోవడమంటే తన పోగు తాను అందుకోవడం అన్నమాట.

ఈ మాటల వెనక ఉన్నది "కోయడం" అనే అర్థమున్న ఒక పాత ధాతువు. రాతలో ఎక్కడా దొరకదు. సంస్కృతం, గ్రీకు, లాటిన్, జర్మన్ లాంటి భాషలన్నీ విడిపోకముందు ఉండి ఉంటుందని భాషాశాస్త్రవేత్తలు లెక్కగట్టిన రూపం: "కెర్". ముందు "స్" చేరితే "స్కెర్". ఈ "స్" కొన్ని భాషల్లో ఉంటుంది, కొన్నింట్లో ఊడిపోతుంది.

ఆ "స్" ఉందా లేదా అన్నదాని మీదే ఇంగ్లిష్ మాట ముఖం ఆధారపడుతుంది. పాత "క" ధ్వని జర్మన్, ఇంగ్లిష్ కుటుంబంలోకి వచ్చేసరికి "హ" అవుతుంది. "ప" ధ్వని "ఫ" అవుతుంది, "ద" ధ్వని "ట" అవుతుంది. 1822లో యాకోబ్ గ్రిమ్ ఈ మార్పుల వరసను సూత్రంగా రాశాడు. పిల్లల కథలు పోగుచేసిన గ్రిమ్ సోదరుల్లో పెద్దాయన. అయితే "క" ముందు "స్" ఉంటే ఆ మార్పు జరగదు. కాబట్టి "స్క" అలాగే నిలబడి, తర్వాత ఇంగ్లిష్‌లో మెత్తబడి "ష" అయింది. అలా వచ్చినవే గొర్రె బొచ్చు కత్తిరించే షియర్, కత్తిరించి పొట్టి చేసిన షార్ట్, పొట్టిగా కుట్టిన షర్ట్. స్కర్ట్ కూడా షర్టే. వైకింగుల భాషలోంచి వచ్చింది కాబట్టి దాని "స్క" మెత్తబడలేదు. ఇక కోసి పంచిన వాటా పేరు షేర్. షేర్ మార్కెట్‌లో డబ్బు పెట్టిన ప్రతివాడూ ఆ మోదుగాకు చుట్టూ నిలబడ్డవాడే.

సంస్కృతంలో ఈ ధాతువు "కృత్" అయింది. కర్తనం అంటే కోత. కోసే పనిముట్టు కర్తరి. దాన్ని మనం కత్తెర చేసుకున్నాం. కోసి ఒలిచిన తోలు కృత్తి. ఏనుగు తోలు కప్పుకున్న శివుడు కృత్తివాసుడు. చర్మం అనే మాట కూడా ఈ ఇంట్లోదే. అంటే దర్జీ చేతిలోని కత్తెర, మన ఒంటి మీది చర్మం, గోవా కార్నివాల్ ఒకే ధాతువు మనవలు.

ఇలా చుట్టరికాలు కలిపేటప్పుడు ఒక ప్రమాదం ఉంది. ధ్వని కలిసిందనో అర్థం కలిసిందనో సంబంధం ఖాయం చేసుకుంటే బోల్తా పడతాం. మాంసం కోయడాన్ని ఇంగ్లిష్‌లో కార్వ్ అంటారు. ధ్వని సరిపోయింది, అర్థం సరిపోయింది. ఇది కార్న్ కుటుంబం కాక ఇంకేమవుతుంది అనిపిస్తుంది. కాదు. గ్రిమ్ సూత్రం ప్రకారం ఇంగ్లిష్ "క" పాత "గ" నుంచి రావాలి. కార్వ్ వెనకున్నది "గీరడం" అనే వేరే ధాతువు, గ్రీకులో అది రాయడానికి వాడే "గ్రాఫ్" అయింది. కాబట్టి కార్వ్‌కి అసలు చుట్టం ఫొటోగ్రాఫ్. కంటి కార్నియా కూడా మాంసం కాదు, కొమ్ము అనే లాటిన్ మాట నుంచి వచ్చింది. కార్నాటిక్ మ్యూజిక్ సంగతి చెప్పనక్కర్లేదు, అది మన కర్ణాటకమే.

"ముక్క బంద్" పండగ

కార్న్ ఇంట్లో అందరికంటే పేరున్నది కార్నివాల్. మాల్‌లో షాపింగ్ కార్నివాల్, కాలేజీలో ఫుడ్ కార్నివాల్ చూసి అదేదో తిని తిరిగే జాతర అనుకుంటాం. మాట పుట్టింది మాత్రం తినడం ఆపేయడం నుంచి. ఈస్టర్‌కి ముందు నలభై రోజుల ఉపవాసకాలం, లెంట్, మొదలవుతుంది. మధ్యయుగాల యూరప్‌లో ఆ నలభై రోజులూ మాంసం ముట్టకూడదు. కార్నెమ్ అంటే మాంసాన్ని, లెవారె అంటే ఎత్తేయడం, తీసేయడం. "కార్నెలెవారె" అరిగి అరిగి కార్నివాల్ అయింది. మన భాషలో చెప్పాలంటే "ముక్క బంద్".

దీనికి జనం నోట్లో ఇంకో వివరణ తిరుగుతుంటుంది. "కార్నె వాలె", అంటే "మాంసమా, ఇక సెలవు" అని. విన్నవెంటనే నమ్మబుద్ధేస్తుంది, కానీ పాత రాతల్లో దొరికే రూపాలు దానికి సాయం రావు. మాట పుట్టాక ఎవరో తెలివైనవాడు అల్లిన కథ అది. అయినా నాకు అబద్ధమైన ఆ వివరణే ఎక్కువ ముచ్చటేస్తుంది. శ్రావణం మొదలవడానికి ముందు ఆదివారం చికెన్ షాపు ముందు నిలబడి చూడండి. వరసలో ఉన్న ప్రతివాడి ముఖంలోనూ ఆ వీడ్కోలే కనపడుతుంది. రేపట్నుంచి నెల రోజులు లేదు కదా అని కిలో కొనేవాడు రెండు కిలోలు కొంటాడు. యూరప్‌వాళ్లు ఆ చివరి రోజులకు ముసుగులు, డప్పులు, ఊరేగింపులు కలిపారు. పోర్చుగీసువాళ్లు దాన్ని గోవాకి తెచ్చారు. అక్కడ ఇప్పటికీ లెంట్‌కి ముందే జరుగుతుంది. ఈసారి ఎక్కడైనా "వెజ్ కార్నివాల్" అనే బోర్డు కనపడితే నవ్వకండి. మాట అసలు అర్థానికి అదే దగ్గర.

ఇన్‌కార్నేషన్‌ని మనం చటుక్కున అవతారం అనేస్తాం. రెండు మాటలూ ఒకే దృశ్యాన్ని రెండు వైపుల నుంచి చూస్తున్నాయి. అవతారం అంటే దిగిరావడం, పైనుంచి కిందికి. ఇన్‌కార్నేషన్‌లో దిగడం లేదు, మాంసంలోకి రావడం ఉంది. యోహాను సువార్త మొదటి అధ్యాయంలో గ్రీకు మూలం, లాటిన్ అనువాదం రెండూ మొహమాటం లేకుండా దేవుడి వాక్యం, అంటే క్రీస్తు, "మాంసం అయింది" అనే అంటాయి. గ్రీకులో సార్క్స్, లాటిన్‌లో కారో. తెలుగు బైబిల్ అనువాదకులు అక్కడ "శరీరధారియై" అని రాశారు. నాకైతే అది మంచి నిర్ణయం అనిపిస్తుంది. "వాక్యము మాంసమాయెను" అని రాసి ఉంటే తెలుగు చెవికి వెంటనే వంటిల్లు గుర్తొచ్చేది. మన మాంసంలో తినే వాసన ఎక్కువ. అలాగే రీఇన్‌కార్నేషన్ అంటే మళ్లీ మాంసంలో పడటం, మనకది పునర్జన్మ, మళ్లీ పుట్టడం.

ఒంటి రంగు అనే అర్థంలో కార్నేషన్ ఒక రంగు పేరు కూడా. చిత్రకారులు మనిషి ఒంటికి వేసే లేత గులాబీ ఛాయ అది. ఆ రంగు పూసే మొక్కకీ అదే పేరొచ్చిందని ఒక వాదం. కాదు, కిరీటంలా ఉందని కొరోనేషన్ అన్నారు, అదే మారింది అని ఇంకో వాదం. పువ్వు సంగతి ఎలా ఉన్నా, ఒళ్లంటే గులాబీ రంగే అనుకోవడంలో ఒక గర్వం ఉంది. అమెరికాలో క్రేయోలా కంపెనీ చాలాకాలం ఒక లేత రంగు క్రేయాన్‌కి "ఫ్లెష్" అని పేరు పెట్టి అమ్మింది. 1962లో దాన్ని "పీచ్" అని మార్చింది. మన పిల్లలు ఆ రంగుతో అమ్మ బొమ్మ వేస్తే ఎవరి అమ్మో అన్నట్టుండేది.

ఈ ఇంట్లో మిగతావాళ్లను తొందరగా చెప్పేస్తాను. కార్నివోర్, మాంసాన్ని మింగేది. కార్నేజ్, ఊచకోత. కారియన్, కుళ్లిన కళేబరం. ఈ కారియన్ ఫ్రెంచ్ రూపమే ఇంగ్లిష్‌లోకి ఇంకో దారిన వచ్చి ముసలావిడను తిట్టే "క్రోన్" అయింది. మన తిట్ల వరసలో "పీనుగ" ఏ పని చేస్తుందో అక్కడ అది ఆ పనే చేస్తుంది.

మాంసం తినే రాయి

గ్రీకుల మాట సార్క్స్, విభక్తిలో సార్కోస్. దీనికీ వెనక కోతే ఉందని చాలామంది పండితుల అభిప్రాయం. పాత ఇరానియన్ భాష అవెస్తన్‌లో కోయడం అనే అర్థమున్న ఒక క్రియతో దీన్ని జతచేస్తారు.

సార్కోఫేగస్ అంటే రాతి శవపేటిక. అక్షరాలా అయితే మాంసభక్షకి. ఈనాటి టర్కీ పడమటి తీరంలో అస్సోస్ అనే ఊరి దగ్గర తవ్వే ఒక రకం రాయికి మొదట ఈ పేరు. ఆ రాతిలో పెట్టిన శవం నలభై రోజుల్లో పళ్లు తప్ప ఏమీ మిగలకుండా హరించుకుపోతుందని మొదటి శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ రాశాడు. రాయి పేరు పెట్టె పేరైంది, తర్వాత ఏ పెట్టెకైనా పేరైంది. తెలుగు నేల మీద బృహత్ శిలాయుగపు సమాధుల్లో దొరికిన కాళ్లున్న మట్టి పెట్టెలను కూడా పురావస్తు శాఖవాళ్లు సార్కోఫేగస్ అనే అంటారు. పాపం కాల్చిన మట్టి, అది ఎవర్నీ తినదు.

సార్కాజం కూడా ఇక్కడిదే. సార్కాజెయిన్ అంటే కుక్కలు పీక్కుతిన్నట్టు మాంసాన్ని చీల్చడం, కోపంతో పళ్లు కొరకడం. అక్కణ్ణుంచి మాటలతో చీల్చడం. మనం ఆ పనిని పళ్లతో కాక ముల్లుకర్రతో చేస్తాం. ఎత్తిపొడుపు అనే మాటలో పొడవడం ఉంది కదా. "గుచ్చిగుచ్చి అడగడం", "సూటిపోటి మాటలు" అన్నీ మొనదేలినవే. పనికిరాని పోలిక కాదు ఇది. ఎదుటివాడి మాట ఒంట్లో దిగుతుందని రెండు భాషలూ విడివిడిగా కనిపెట్టాయి.

డాక్టర్ల దగ్గర వినపడే సార్కోమా, ఒక రకం క్యాన్సర్, ఈ ఇంటిదే. వయసు మీదపడ్డాక కండ కరిగిపోవడానికి సార్కోపీనియా అని 1989లో అమెరికన్ వైద్యుడు ఇర్విన్ రోజెన్‌బర్గ్ పేరు పెట్టాడు. కండ తక్కువవడం అని అర్థం. మా నాయనమ్మ ఇదే జబ్బుని "ఒంట్లో కండ పట్టట్లేదు" అనేది. ఆవిడకి గ్రీకు అవసరం పడలేదు.

పచ్చి మాంసం, క్రూరం, క్రియాటినిన్

నాకు అన్నిటికంటే ఇష్టమైన ఇల్లు ఇది. కోసిన వాటా కాదు, నెత్తురోడే పచ్చి మాంసం.

సంస్కృతంలో పచ్చి మాంసం క్రవ్యం. దాన్ని తినేవాడు క్రవ్యాదుడు, రాక్షసుడికి పర్యాయపదం. ఋగ్వేదం పదో మండలంలో అంత్యక్రియల సూక్తం ఒకటుంది. శవాన్ని దహించే అగ్నిని అక్కడ క్రవ్యాదం అంటారు. ఆ అగ్నిని దూరంగా పంపేసి, హవిస్సులు మోసే వేరే అగ్నిని పిలుస్తారు. వంటింటి నిప్పు, కాటి నిప్పు ఒకటి కాకూడదన్న పట్టింపు అంత పాతది.

ఇప్పుడు ఈ క్రవ్యాద మాటని విడదీసి ఇంగ్లిష్‌లోకి తీసుకెళ్దాం. క్రవ్య లోని "క" గ్రిమ్ సూత్రం ప్రకారం "హ" కావాలి. పాత ఇంగ్లిష్‌లో ఆ మాట "హ్రేఆవ్". ఆ "హ" కూడా పలకడం మానేశాక మిగిలింది "రా", అంటే పచ్చిది. రెండో సగం "అద్", తినడం. "ద" ధ్వని "ట" కావాలి. అయింది: "ఈట్". క్రవ్యాద అంటే ధ్వనికి ధ్వని, అర్థానికి అర్థం "రా, ఈట్". వేదకాలపు రాక్షసుడు ఇంగ్లిష్‌లో రెండు చిన్న మాటలుగా విడిపోయి ఇప్పటికీ బతికే ఉన్నాడు. ఆ "అద్" నుంచే మన అన్నం కూడా వచ్చింది. తినబడినది అన్నం.

పచ్చిగా ఉన్న గాయం నుంచి క్రూరం వచ్చింది. సంస్కృతంలో క్రూరానికి నెత్తురు కారే, పచ్చిపుండులాంటి అనే అర్థం ఉంది. దయలేని అనేది ఆ తర్వాత. లాటిన్‌లో ఇదే కొమ్మకు క్రూదుస్ అంటే పచ్చి, క్రూదేలిస్ అంటే కర్కశం. ఇంగ్లిష్‌లో అవి క్రూడ్, క్రూయెల్. క్రూయెల్‌కీ క్రూరానికీ పోలిక యాదృచ్ఛికం కాదని మీకు ఎప్పుడైనా అనుమానం వచ్చి ఉంటే, ఆ అనుమానం నిజమే.

తెలుగు "పచ్చి"ని ఇక్కడ గమనించాలి. దీనికి ఆ కుటుంబంతో ఏ సంబంధమూ లేదు, పచ్చదనం నుంచి వచ్చిన మన సొంత మాట. కానీ అది తిరిగిన దారి చూడండి. పచ్చి కూరగాయ, పచ్చి పుండు, పచ్చి అబద్ధం, పచ్చి బూతు. ఉడకనిది కాస్తా మర్యాద లేనిదైంది. క్రూడ్ ఆయిల్, క్రూడ్ జోక్ అని ఇంగ్లిష్‌వాడు నడిచిన బాటే ఇది.

గ్రీకులో ఈ కుటుంబపు మాట క్రెయాస్, మాంసం. పాన్ అంటే అంతా. ఎముక లేదు, మృదులాస్థి లేదు, అంతా మాంసమే అని ఒక అవయవానికి పాంక్రియాస్ అన్నారు. 1832లో ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త షెవ్రెల్ మాంసపు రసం నుంచి ఒక పదార్థాన్ని వేరుచేసి క్రియాటిన్ అన్నాడు. జిమ్‌కి వెళ్లే కుర్రాళ్లు డబ్బాల్లో కొని తాగేది అదే. ఇప్పుడది ఫ్యాక్టరీలో తయారవుతుంది కాబట్టి డబ్బా మీద ఆకుపచ్చ చుక్క ఉంటుంది, లోపల పేరులో మాత్రం మాంసం ఉంటుంది. 1847లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త లీబిగ్ దానికి దగ్గరి పదార్థానికి క్రియాటినిన్ అని పేరు పెట్టాడు. కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష అదే. కిడ్నీ జబ్బులతో నలిగిపోయే శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో బడికి వెళ్లని పెద్దవాళ్లు కూడా "క్రియాటినిన్ ఎంతుంది?" అని ఒకర్నొకరు అడుగుతారు. క్రవ్యం, క్రూరం, క్రియాటినిన్. ఆ ఊళ్లల్లో ఆ మూడూ ఒకే వరసలో ఉండటం ఎవరికీ వింతగా అనిపించదు.

ఎమ్మెల్యేలో ఎం

ఇక మన మాంసం. ఇది పాత "మెమ్స్" అనే మూలం నుంచి వచ్చింది. యూరప్ నిండా దీని చుట్టాలున్నారు. జర్మన్ కుటుంబపు పాత భాష గోతిక్‌లో మిమ్జ్, ఆర్మేనియన్‌లో మిస్, రష్యన్‌లో మ్యాస. ఎంబీబీఎస్‌కి రష్యా వెళ్లిన మన పిల్లలకి సూపర్ మార్కెట్ బోర్డు మీద ఆ మాటకు అర్థం అడగాల్సిన పని ఉండదు, చెవి పెడితే చాలు.

ఇంగ్లిష్‌లో ఈ మాట నేరుగా మిగల్లేదు. లాటిన్ దారిలో వచ్చింది. అక్కడ మెమ్బ్రుమ్ అంటే కండ ఉన్న భాగం, అంటే చెయ్యి, కాలు, అవయవం. అదే మెంబర్. సంఘాన్ని ఒక శరీరంగా ఊహించి మనుషుల్ని దాని అవయవాలు అనడం పాత అలవాటు. బైబిల్లోని పౌలు ఉత్తరాల్లో ఆ పోలిక బాగా కనిపిస్తుంది. అలా కాలూ చెయ్యీ అనే మాట కాస్తా సభ్యుడైంది. ఎమ్మెల్యేలో మొదటి అక్షరం, ఎంపీలో మొదటి అక్షరం, అపార్ట్‌మెంట్ కమిటీ మెంబర్, అందరూ మాంసానికి బంధువులే. ఎన్నికల రోజుల్లో మేకల ధర ఎందుకు పెరుగుతుందో భాషాశాస్త్రం చెప్పదనుకోండి.

ఆ అవయవాన్ని కప్పే పొర మెంబ్రానా. "ఆర్వోలో మెంబ్రేన్ పోయిందండీ, మార్చాలి" అని మెకానిక్ చెప్పినప్పుడు పలికేది మాంసపు పొర అనే మాటే.

ఇక్కడ ఒక విషయం కలవకుండా చూసుకోవాలి. మాంసం, క్రూరం, చర్మం, కత్తెర తెలుగులోకి సంస్కృతం నుంచి వచ్చాయి. ఇంగ్లిష్‌తో చుట్టరికం సంస్కృతానిది, తెలుగుది కాదు. తెలుగు, తమిళం, కన్నడం సంస్కృతం నుంచి పుట్టలేదనీ వాటిది వేరే కుటుంబమనీ మద్రాసులో పనిచేసిన ఇంగ్లిష్ అధికారి ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ ఆధారాలతో చూపించింది 1816లో, మద్రాసులో అచ్చయిన కాంప్‌బెల్ తెలుగు వ్యాకరణం ముందుమాటలో. ముక్క, పోగు, కండ, తునక ఆ వేరే కుటుంబానివి. పాత తెలుగులో మాంసానికి ఎఱచి, నంజుడు అనే మాటలుండేవి. నంజుడుతిండి అంటే రాక్షసుడు, క్రవ్యాదుడికి అచ్చతెలుగు. నంజుడులోంచి మాంసం పోయింది కానీ ఆవకాయ నంజుకోవడం మిగిలింది.

నంజుడుకి జరిగినదానికి సరిగ్గా తలకిందులు ఇంగ్లిష్ మీట్‌కి జరిగింది. పాత ఇంగ్లిష్‌లో మీట్ అంటే ఏ తిండైనా. మాంసానికి ఫ్లెష్ అనే వేరే మాట ఉంది. జర్మన్‌లో ఇవాళ్టికీ వండే మాంసమైనా ఒంటి మాంసమైనా ఫ్లైష్ అనే ఒక్క మాటే. ఆ ఫ్లెష్‌కి దగ్గరి చుట్టం పందిని నిలువునా చీల్చిన సగానికి పేరైన ఫ్లిచ్. అంటే అక్కడా కత్తే. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో దేవుడు మొక్కల్నీ పండ్లనీ చూపించి ఇవి మీకు "మీట్" అంటాడు. ఇప్పటి ఇంగ్లిష్ మాత్రమే తెలిసినవాడు అక్కడ ఆగిపోతాడు. తెలుగు బైబిల్లో "ఆహారము" అనే ఉంది, మనకి ఆ టెన్షన్ లేదు. పాత అర్థం స్వీట్‌మీట్‌లో ఇంకా దాక్కుని ఉంది. మన జీఎస్టీ జాబితాలో మిఠాయిల్ని ఇప్పటికీ ఆ పేరుతోనే పిలుస్తారు. మైసూర్‌పాక్ చట్టరీత్యా మీటే.

1066లో ఫ్రెంచ్ మాట్లాడే నార్మన్లు ఇంగ్లండ్‌ని గెలిచాక బతికున్న జంతువుకి ఇంగ్లిష్ పేరు, కంచంలోకి వచ్చాక ఫ్రెంచ్ పేరు అయిన కథ చాలామంది విన్నదే. షీప్, మటన్ అలా విడిపోయాయి. మటన్ ఫ్రెంచ్‌లో గొర్రె. మన దేశంలో చాలాచోట్ల అది మేక. ఆ మాట ఇక్కడిదాకా వచ్చేసరికి జంతువే మారిపోయింది.

మీట్‌కి ఇంకో బిడ్డ ఉంది, దాన్ని చివరికి ఉంచుకున్నాను. మేట్. మధ్యయుగపు జర్మన్ ఓడరేవుల భాషలోంచి ఇంగ్లిష్‌లోకి వచ్చింది. ఒకే మీట్ ఉన్నవాడు, కలిసి తిండి పంచుకునేవాడు అని దాని అర్థం. క్లాస్‌మేట్, రూమ్‌మేట్ అందులోవే. మెల్‌బోర్న్‌లో చదువుకునే మా మేనల్లుణ్ణి బస్సు డ్రైవర్ దగ్గర్నుంచి అందరూ మేట్ అనే పిలుస్తారట. వాడు, ఇంకో ముగ్గురు తెలుగు కుర్రాళ్లు ఒకే ఇంట్లో ఉంటారు. నెలకోసారి కలిసి మేక మాంసం కొని, నాలుగు ప్లాస్టిక్ డబ్బాల్లోకి సర్ది, మూతల మీద పేర్లు రాసి ఫ్రీజర్‌లో పెడతారు. ఎవరి డబ్బాలో బొక్కలు ఎక్కువయ్యాయో అని మొదటి నెల పెద్ద గొడవే అయిందట. అప్పట్నుంచి సర్దేవాడు పేర్లు చూడకుండా సర్దుతాడు, మూతలు ఆఖర్న పెడతారు.